ఏడిస్తే ఆరు: హాలీ సిక్కా నిష్క్రమణ

మా కార్యాలయంలో చాలా ఏళ్ళుగా వాడుకలో ఉన్న ఒక చిన్న ప్రోగ్రాము ఉంది. రాత్రిపూట ఎవరూ చూడని వేళ దస్త్రాలను ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి చేరవేయడం దాని పని. కమాండ్‌లైన్ మీద దానికిచ్చే ఆప్షన్లు ఏటేటా పెరిగి, ఒకే పనిని రెండు మూడు పేర్లతో చేసే స్థితికి వచ్చాయి. వాటిలో నాలుగింటిని తొలగించే బాధ్యత ఈమధ్య నాకు అప్పగించారు. తొలగించడం పది నిమిషాల పని. అయితే ఆ నాలుగూ మాన్యువల్‌లోకి ఎక్కినవి. ఎప్పుడో ఎవరో ఆ పుటను చదివి, నమ్మి, తమ స్క్రిప్టులో ఆ అక్షరాలను రాసుకొని, తరువాత ఆ సంగతే మరచిపోయి ఉంటారు. ఆ మనిషి ఉద్యోగం మారి ఉండవచ్చు. స్క్రిప్టు మాత్రం ప్రతి రాత్రీ రెండు గంటలకు లేచి తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది. దానిని పడగొట్టకుండా ఆ ఆప్షన్లను తీసివేయడం ఎలాగ?

వారం రోజులు దీని గురించే ఆలోచిస్తూ ఉంటే, నాకు పదే పదే గుర్తుకు వచ్చినవి లాల్‌దర్వాజా ఇంట్లో మా నాయనమ్మ ఇనప్పెట్టె అడుగున ఉండిన ఏడు వెండి రూపాయలు. ఒకవైపు చార్మినారు బొమ్మ, రెండవవైపు ఫారసీ అక్షరాలు. చిన్నతనంలో వాటిని నేలమీద గిరగిర తిప్పి ఆడుకొనేవాళ్ళం. "ఇవి చెల్లవా నాయనమ్మా?" అని అడిగితే ఆమె నవ్వి, "ఏడిస్తె ఆరు బిడ్డా" అనేది. ఏడు ఇస్తే ఆరు వచ్చేవని ఒక అర్థం. ఏడ్చినా ఆరే అని మరొక అర్థం. ఆ మాటలో ఒక రాజ్యపు ఆర్థిక చరిత్ర అంతా ఇమిడి ఉన్నదని నాకు చాలా కాలం తరువాత గాని తెలియలేదు.

ఆ కథను ఈ టపాలో చెప్పుకుందాం. లక్షలాదిమంది రోజూ వాడే ఒక వస్తువును, ప్రభుత్వమే ముద్ర వేసి హామీ ఇచ్చిన వస్తువును, పదేళ్ళ పాటు మెల్లమెల్లగా వాడుకనుండి తప్పించిన ఉదంతం మన ఊళ్ళోనే ఉంది.

చార్మినారుకు దక్షిణంగా మొగల్‌పురా దాటితే సుల్తాన్‌షాహీ వస్తుంది. ఇరుకు సందులు, గాజుల పనివారి ఇళ్ళు, ఆటోల రొద. అక్కడ ఒకప్పుడు నిజాముల టంకశాల ఉండేదని ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు. మూడవ నిజాము సికందర్ జా కాలంలో, 1803లో అక్కడ ప్రభుత్వ టంకశాల ఏర్పడింది. సుత్తితో కొట్టి నాణెం చేసే కాలమది. నాణెం గుండ్రంగా ఉండాలన్న నియమం కూడా గట్టిగా పాటించినట్లు కనబడదు. అచ్చులో సగం అక్షరాలే పడిన నాణేలు ఈనాటికీ పాత నాణేల దుకాణాలలో కనిపిస్తాయి.

ఆ నాణేల మీద ఉన్న పేరు నిజాముది కాదు. ఢిల్లీ పాదుషాది. మొదటి నిజాము 1724 నుండి దక్కనులో ఆచరణలో స్వతంత్రుడే. అయినా ఆయన, ఆయన వారసులు నూటముప్పై ఏళ్ళకు పైగా మొగలు చక్రవర్తుల పేరుతోనే నాణేలు కొట్టించారు. ఢిల్లీలో పాదుషా అధికారం ఎర్రకోట గోడలు దాటని రోజులలో కూడా హైదరాబాదు రూపాయి మీద ఆయన పేరే ఉండేది. బజారు ఆ పేరును గుర్తుపడుతుంది, గుర్తుపట్టిన దానినే తీసుకుంటుంది. ఈనాటి బ్రౌజర్లన్నీ తామెవరైనా సరే, సర్వరు తలుపు తట్టేటప్పుడు ముందుగా "మొజిల్లా" అని చెప్పుకోవడం మిత్రులకు తెలిసిందే. అదే నీతి.

ఈస్టిండియా కంపెనీ ఇంకా ఒక అడుగు ముందుకు వేసింది. ఆ రోజులలో నాణెం మీద పాదుషా పాలనా సంవత్సరం ఉండేది. ఈ ఏటి నాణేనికి పూర్తి విలువ. నిరుటిదానికి సరాఫులు వట్టం కోసుకొని ఇచ్చేవారు. అంతకు ముందుదానికి ఇంకొంచెం. వెండి అదే, బరువూ అదే, అయినా వయసు పెరిగినకొద్దీ విలువ తగ్గేది. బెంగాలులో కంపెనీవారు ఈ బాధ పడలేక, షా ఆలం పాలనలోని 19వ సంవత్సరం దగ్గర కాలాన్ని ఆపివేశారు. ఆ తరువాత కొట్టిన సిక్కా రూపాయలన్నిటి మీదా 19వ సంవత్సరమే. వెర్షన్ సంఖ్యను శాశ్వతంగా స్తంభింపజేయడమన్న మాట. 1835 వరకూ కంపెనీ రూపాయల మీద షా ఆలం పేరు కొనసాగింది. ఆయన చనిపోయినది 1806లో!

"హాలీ" అన్న మాటకు అర్థం కూడా ఈ నేపథ్యంలోనే బోధపడుతుంది. హాల్ అంటే వర్తమానం. హాలీ సిక్కా అంటే ఇప్పుడు చెల్లుతున్న నాణెం. చెల్లని, సగం చెల్లే, కొన్నిచోట్ల మాత్రమే చెల్లే నాణేలు ఎన్నో ఉన్నచోట గాని అటువంటి పేరు పుట్టదు. నిజాము రాజ్యంలో ఆ పరిస్థితే ఉండేది. గోవింద్‌బక్షీ రూపాయి వంటివి ఒకవైపు, గద్వాల, నారాయణపేట వంటిచోట్ల కొట్టిన నాణేలు మరొకవైపు. ప్రతి ఊరి సంతలోనూ ఒక సరాఫు, ప్రతి సరాఫుకూ ఒక వట్టం. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు ప్రాంతీయ టంకశాలలను మూయించి, హైదరాబాదు టంకశాలను కేంద్రం చేసి, హాలీ సిక్కాను రాజ్యమంతటికీ ఒకే నాణెంగా నిలబెట్టాడు. 1857 తిరుగుబాటు అణగి, బహదూర్‌షా జఫర్ రంగూనుకు వెళ్ళిన తరువాత నాణెం మీద పాదుషా పేరు పోయి, ఆసఫ్‌జా పేరు వచ్చింది. దానితోపాటు 92 అన్న అంకె కూడా. అబ్జద్ లెక్కలో అది మహమ్మద్ అన్న పేరుకు వచ్చే సంఖ్య.

1895లో ఐరోపా నుండి యంత్రాలు వచ్చాయి. 1903 జూలై 13న టంకశాల సుల్తాన్‌షాహీ నుండి సైఫాబాదుకు మారింది. చార్మినారు బొమ్మ నాణెం మీదికి ఎక్కినది ఆ కాలంలోనే, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పాలనలో. చార్మినారు ద్వారంలోకి పరకాయించి చూస్తే ఒక చిన్న అక్షరం కనబడుతుంది: మహబూబ్ కాలపు నాణేలలో "మీమ్", ఉస్మాన్ అలీఖాన్ కాలపు నాణేలలో "ఐన్". పిల్లలుగా మేము దానిని చార్మినారులో కూర్చున్న పిట్ట అనుకొనేవాళ్ళం.

ఇంతకీ ఈ రూపాయికి పక్కనే మరొక రూపాయి ఉండేది. బ్రిటిషు ఇండియా రూపాయి. యంత్రంతో చేసినది గనుక దానిని "కల్దారు" అన్నారు. హైదరాబాదులో కూడా యంత్రాలు వచ్చిన తరువాత ఆ పేరుకు అర్థం లేకపోయినా పేరు పోలేదు. సికింద్రాబాదు కంటోన్మెంటులో కల్దారు, మూసీకి ఇవతల హాలీ. కల్దారు రూపాయి సరిగ్గా తులం బరువు, 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. హాలీ రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి వెయ్యింట 818 వంతులు. లెక్క కట్టి చూస్తే కల్దారులో సుమారు 10.69 గ్రాముల వెండి, హాలీలో 9.14. ఒకదానిని మరొకదానితో భాగిస్తే 1.169 వస్తుంది. అధికారిక మారకపు రేటు నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. ఈ భయంకరమైన సంఖ్యను సులువు చేస్తే ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఏడును ఆరుతో భాగిస్తే 1.167. వెండి చెప్పిన లెక్కకూ కాగితం చెప్పిన లెక్కకూ వెంట్రుకవాసి తేడా.

1918 నుండి కాగితపు నోట్లు కూడా వచ్చాయి. మొదట పది, నూరు, మరుసటి ఏడు ఒకటి, అయిదు, 1926లో వెయ్యి. మొదటి ప్రపంచయుద్ధంలో వెండి దొరకకపోవడం దీనికి కారణం. లండనులోని వాటర్‌లో సంస్థవారు అచ్చువేసిన ఆ నోట్ల మీద మన తెలుగు అక్షరాలూ ఉండేవి. నోటు అంటేనే రాతపూర్వకమైన హామీ గదా. సాఫ్ట్‌వేరు భాషలో చెప్పాలంటే ఇది మాన్యువల్‌లోకి ఎక్కిన ఆప్షను. గోవింద్‌బక్షీ రూపాయి ఎక్కడో ఒకచోట చెల్లడం బజారు మర్యాద. ఉస్మానియా సిక్కా నోటు చెల్లడం ప్రభుత్వం మాట. మొదటిది ఆగితే నష్టపోయినవాడు తన తెలివితక్కువకు తానే వగచుకుంటాడు. రెండవది ఆగితే మాట తప్పినది ప్రభుత్వం.

ఇక ఆ మాటను ఎలా విరమించుకున్నారన్నది అసలు కథ. దానికి ముందు ఒక చెడ్డ ఉదాహరణ ఉంది, అదీ ఇక్కడిదే. 1947 నవంబరు 29న నిజాముకూ భారత ప్రభుత్వానికీ మధ్య ఏడాది పాటు యథాతథస్థితి ఒప్పందం కుదిరింది. ఆ వెనువెంటనే లాయక్ అలీ ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. విలువైన లోహాలు రాజ్యం దాటి పోకుండా ఒకటి. భారత నాణెం, భారత నోటు హైదరాబాదులో చట్టబద్ధంగా చెల్లవని రెండవది. చుట్టూ నాలుగు వైపులా కల్దారు చెల్లే దేశం. పత్తి, ఆముదం, వేరుసెనగ అమ్ముకొని వచ్చే డబ్బంతా కల్దారే. రాజకీయంగా అది ఒక గర్జన. బజారులో మాత్రం చేతిలో కల్దారు ఉన్న వాడెవడైనా సరాఫు దయకు లోబడిపోవడమే దాని ఫలితం కాగలదు. ఒప్పందం ఉల్లంఘించారని ఢిల్లీ చేసిన ఆరోపణలలో ఈ ఆర్డినెన్సులు కూడా ఉన్నాయి.

1948 సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలై 17న ముగిసింది. రాజ్యం మారింది. ఇప్పుడు పెద్ద పెత్తనం ఢిల్లీది. ప్రతీకారంగా ఆలోచించే ప్రభుత్వమైతే "నిరుడు మీరు మా నాణెం చెల్లదన్నారు, ఇప్పుడు మీది చెల్లదు" అని ఒక్క ఉత్తర్వుతో తేల్చి ఉండవచ్చు. అలా జరగలేదు. జనరల్ చౌధురి సైనిక పాలనలో కూడా హాలీ చెల్లుతూనే ఉంది. 1950లో భారత రూపాయిని పక్కన ప్రవేశపెట్టారు, పాతదానిని తీయలేదు. ఏడుకు ఆరు అన్న పాత నిష్పత్తినే, ఒక పై కూడా మార్చకుండా, నిలిపి ఉంచారు. ఆ ఏడు ఏప్రిల్ 1న హైదరాబాదు తపాలా వ్యవస్థ కేంద్రం చేతికి వెళ్ళింది, నిజాము తపాలా బిళ్ళలు పోయాయి. సైఫాబాదు టంకశాల కూడా 1950లోనే భారత ప్రభుత్వానిదయింది. 1951లో భారత నాణేల చట్టం హైదరాబాదు వంటి రాష్ట్రాలకు విస్తరించింది. కొత్త హాలీ విడుదల ఆగింది. కాని అప్పటికే జనం చేతిలో ఉన్న హాలీ ఆగలేదు. దాని రద్దు పూర్తయినది 1959లో.

ఈ తేదీలను మరొకసారి పక్కపక్కన పెట్టి చూడండి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రమే లేకుండా పోయింది. తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లోకి, మరఠ్వాడా బొంబాయిలోకి, కన్నడ జిల్లాలు మైసూరులోకి వెళ్ళిపోయాయి. రాజ్యం పోయింది, రాజప్రముఖ్ పదవి పోయింది, రాష్ట్రపు సరిహద్దులు పోయాయి. కాని ఆ రాజ్యపు నాణెం మరో మూడేళ్ళు చట్టం దృష్టిలో బతికింది. హాలీ నిర్వహణకని 1941లో పుట్టి, మరుసటి ఏడు ఏప్రిల్‌లో గన్‌ఫౌండ్రీలో వ్యాపారం మొదలుపెట్టిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు 1956లో రిజర్వు బ్యాంకు చేతికి వెళ్ళి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 1959 అక్టోబరు 1న భారతీయ స్టేట్ బ్యాంకుకు అనుబంధమైంది. కన్నబిడ్డా, కన్న కారణమూ ఒకే ఏడు చేతులు మారాయి. ఆ పేరు కూడా 2017 ఏప్రిల్ 1న విలీనంతో పోయింది.

ఇంతవరకూ ఇది మెచ్చుకోదగిన కథ. మెచ్చుకుంటూనే ఒక చోట ఆగాలి. చట్టం ఏడుకు ఆరు అన్నది. ఏడు లేనివాడి సంగతి ఏమిటి?

ఒక హాలీ రూపాయికి కల్దారు లెక్కలో 13 అణాల 8 పైలు, ఇంకా పైలో ఏడింట నాలుగు వంతులు. ఒక హాలీ అణాకు 10 పైలు, ఇంకా ఏడింట రెండు వంతులు. భారత ప్రభుత్వం పై నాణేన్ని 1942 తరువాత కొట్టలేదు. 1950లో వచ్చిన గణతంత్ర నాణేలలో అతి చిన్నది పైసా, అంటే మూడు పైలు. కనుక ఒక హాలీ అణాను కల్దారులోకి మార్చవలసి వస్తే ఇవ్వగలిగినది మూడు పైసలు గాని, నాలుగు పైసలు గాని. మూడిస్తే తొమ్మిది పైలు. తెచ్చినవాడికి సరిగ్గా ఎనిమిదో వంతు నష్టం. నాలుగిస్తే పన్నెండు పైలు. ఇచ్చినవాడికి ఆరో వంతు నష్టం. మధ్యేమార్గం ఏ సంచిలోనూ లేదు. నూరు రూపాయలు మార్చే షావుకారుకు ఈ భిన్నం లెక్కలోకి రాదు. అణాకు పాలు, అర్ధణాకు కూర కొనే ఇల్లాలికి రోజూ వస్తుంది. కట్టె తూకం వేసేవాడు "అణా" అంటే అది ఏ అణా? నిన్నటిదాకా హాలీ అణాకు ఇచ్చిన కట్టెను ఇవాళ కల్దారు అణాకు ఇస్తే ధర పెరగలేదని అతను ప్రమాణం చేసి చెప్పగలడు. పెరిగింది, నూటికి పదహారున్నర పైచిలుకు. కూలి ఇచ్చేవాడు మాత్రం రూపాయిని ఏడుకు ఆరు చొప్పున జాగ్రత్తగా మార్చే ఇస్తాడు.

నాయనమ్మ మాటలో రెండవ అర్థం ఇక్కడినుండే పుట్టి ఉంటుంది.

చిక్కంతా పేరు ఒకటే కావడంలో ఉంది. రెండూ రూపాయలే, రెండూ అణాలే. వస్తువు మారి పేరు మారకపోతే, అడిగినవాడికి ఒకటి, ఇచ్చినవాడికి మరొకటి అర్థమవుతుంది. ఎవరూ అబద్ధం చెప్పనక్కరలేదు. మన వృత్తిలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. యూనిక్సు వ్యవస్థలలో "సార్ట్" అనే ఆదేశానికి "ప్లస్ ఒకటి" అని ఇస్తే, ప్రతి పంక్తిలో మొదటి మాటను వదిలి రెండవ మాటనుండి అకారాది క్రమంలో పేర్చేది. 2001 నాటి పోసిక్స్ ప్రమాణం ఆ వాడుకను తొలగించింది. తొలగించి ఊరుకోలేదు, అదే "ప్లస్ ఒకటి" ఇకపై ఒక ఫైలు పేరు అని నిర్ణయించింది. ఆప్షను తెలియదని చెప్పి ఆగిపోతే స్క్రిప్టు రాసినవాడు తెలుసుకొని దిద్దుకుంటాడు. అదే అక్షరాలకు వేరే అర్థం వస్తే అతని పాత స్క్రిప్టు ఏ ఫైలు కోసం వెతుకుతున్నదో అతనికే తెలియదు. గ్నూ వారు ఆ ప్రమాణాన్ని అనుసరించగానే ఎన్నో పాత స్క్రిప్టులు పడిపోయాయి. పాత ప్రమాణం కావలసినవారికి ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఏర్పాటు చేయవలసి వచ్చింది. 2008 ప్రమాణం ఏం చేసిందో తెలుసా? పాత అర్థమైనా సరే, కొత్త అర్థమైనా సరే, మీ ఇష్టం అన్నది. సరాఫు రాజ్యం మళ్ళీ వచ్చినట్లే.

నాణేల విషయంలో మాత్రం మన ప్రభుత్వానికి ఈ సంగతి త్వరగానే తెలిసివచ్చిందనుకుంటాను. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. అంతవరకూ రూపాయికి 64 పైసలు, ఇకపై 100. పేరు అదే పైసా అయితే హాలీ అణా, కల్దారు అణా గొడవే దేశమంతటా తిరిగి మొదలయ్యేది. అందుకని కొత్తదాని ముందు "నయా" అని చేర్చారు. నయా పైసా. పాత పైసలు చేతులు మారడం తగ్గి, అర్థంలో సందేహం తొలగిన తరువాత, 1964 జూన్ 1న ఆ "నయా"ను తీసివేశారు. ఏడేళ్ళ పాటు ఒక విశేషణాన్ని నాణేల మీద మోసి, పని తీరగానే దించివేయడం! ప్రోగ్రాములు రాసేవారెవరైనా ఈ పనికి లేచి నిలబడి దండం పెట్టాలి. పావలా, అర్ధరూపాయి సరిగ్గా 25, 50 నయా పైసలకు సరిపోయాయి గనుక వాటిని కదపలేదు. అణా మాత్రం ఆరుంపావు నయా పైసలు. ఆ పావు ఎవరిదన్నది మళ్ళీ పాలవాడికీ ఇల్లాలికీ మధ్య విషయమే.

పాతబస్తీలో ఆ రెండేళ్ళు, 1957 నుండి 1959 వరకు, ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోండి. ఇనప్పెట్టెలో హాలీ, జేబులో అణాలు, దుకాణం గల్లాలో నయా పైసలు. ఒక హాలీ అణాకు అయిదు నయా పైసలు, ఇంకా మూడో వంతుకు కొంచెం ఎక్కువ. మీర్‌ఆలం మండీలో కూరగాయల బేరం ఆడడానికి అప్పుడు లెక్కల మాస్టరు పక్కన ఉండాలి. మనవారు ఉండకపోయినా నెగ్గుకొచ్చారు. భాష ఆ మూడు లెక్కలనూ దాచుకున్నది. పదహారణాల తెలుగుదనం అని ఈనాటికీ అంటున్నాం. అణా పోయి అరవై ఏళ్ళు దాటింది. దమ్మిడీకి కొరగాడని తిట్టుకుంటాం. దమ్మిడీని చూసినవారు మనలో లేరు. డబ్బు అన్న మాటే ఒకప్పటి రాగి నాణెం పేరు. మాన్యువల్ నుండి తీసివేసినా వాడుకరుల నాలుక మీదనుండి ఆప్షను పోదని దీనివలన తెలుస్తున్నది.

దీనికి తిరుగు ఉదాహరణ కూడా ఉంది. 2011 జూన్ 30తో పావలా, అంతకంటె చిన్న నాణేలు రద్దయ్యాయి. చెల్లకుండా పోయినవాటి గురించి ఎవరికీ బాధ కలగలేదు, ఎందుకంటే బజారు వాటిని ఏనాడో తిరస్కరించింది. అర్ధరూపాయి ఈనాటికీ చట్టప్రకారం చెల్లుతుంది. ఇచ్చి చూడండి, దుకాణదారు మీ ముఖంకేసి చూస్తాడు. పది రూపాయల నాణెం సంగతి ఇంకా విచిత్రం. అది చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు ప్రకటించినా, మన నగరంలో దానిని తీసుకోనివారు చాలాకాలం ఉన్నారు. చట్టం ఉన్నదన్నా బజారు లేదన్నది.

2016 నవంబరు 8 రాత్రి గురించి ఇక్కడ రెండు మాటలు రాయక తప్పదు. రాత్రి ఎనిమిదికి ప్రకటన, అర్ధరాత్రికి అయిదువందలు, వెయ్యి నోట్ల చెల్లుబాటు రద్దు. దాని ఉద్దేశాలు వేరు, ముందుగా చెబితే ఉద్దేశమే నెరవేరదన్నది దానిని సమర్థించేవారి వాదన. ఆ వాదన నాకు అర్థం కాకపోలేదు. కాని మరుసటి రోజులలో మదీనా కూడలి నుండి చార్‌కమాన్ వరకు బ్యాంకుల ముందు నిలబడిన వరుసలను చూసినప్పుడు, మందుల చీటీ ఒక చేతా పాత నోటు మరొక చేతా పట్టుకొని ఉన్న ముసలివారిని చూసినప్పుడు, ఇదే ఊళ్ళో ఒక ఓడిపోయిన రాజ్యపు నాణేనికి సుమారు తొమ్మిదేళ్ళ గడువు ఇచ్చారు గదా అని నాకనిపించింది. 2023 మే 19న రెండువేల నోటును ఉపసంహరించినప్పుడు పద్ధతి మారింది. విడుదల ఆపారు, తిరిగి తీసుకున్నారు, చట్టబద్ధతను మాత్రం తీసివేయలేదు. ఇది 1951 నాటి పద్ధతికి దగ్గర.

నా నాలుగు ఆప్షన్ల విషయానికి వస్తే, వాటిని ఈ విడుదలలో తీయవద్దని రాసి పంపాను. ఈసారికి అవి పనిచేస్తాయి, పనిచేస్తూనే కొత్త పేరేమిటో ఒక పంక్తిలో చెబుతాయి. ఆ హెచ్చరిక కూడా కార్యక్రమపు ఫలితంలో కలవకుండా వేరే దారిన పోవాలి. లేకపోతే ఆ ఫలితాన్ని చదివే మరొక స్క్రిప్టు పడిపోతుంది. కొత్త స్క్రిప్టులలో పాత పేర్లు రాకుండా మాన్యువల్‌లో వాటిని చివరి పుటకు జరుపుతాను. నాలుగింటిలో ఒకదాని అక్షరాన్ని వేరే పనికి వాడుకోవాలని ఒక సహోద్యోగి సూచించాడు. దానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ అక్షరం ఇక ఎవరికీ ఇవ్వరాదు. రెండవ "అణా" నా చేతులమీదుగా పుట్టడం నాకు ఇష్టం లేదు.

సుల్తాన్‌షాహీ నుండి సైఫాబాదుకు మారిన టంకశాల 1997లో చర్లపల్లికి తరలిపోయింది. పాత చోటును ఇప్పటికీ మింట్ కాంపౌండ్ అనే అంటారు. అక్కడ 2022లో ఒక ప్రదర్శనశాల తెరిచారు. వీలైతే వెళ్ళి చూడండి.

చివరగా ఆ ఏడు రూపాయల సంగతి. నాయనమ్మ దగ్గర మొదట అయిదే ఉండేవట. అయిదు మారిస్తే భిన్నం పోతుందని, ఇంకొక రెండు చేరితే ఏడుకు ఆరు చొప్పున నికరంగా వస్తుందని ఆమె ఆగింది. ఆరవది పుట్టింటివారు ఇచ్చారు. ఏడవది దొరికేసరికి గడువు దాటిపోయింది. ఆమె పోయిన తరువాత మా నాన్నగారు వాటిని గుల్జార్‌హౌజ్ దగ్గర ఒక సరాఫు దుకాణానికి తీసుకువెళ్ళారు, నేనూ వెంట ఉన్నాను. సరాఫు ఏడింటినీ త్రాసులో పోశాడు. ఏడు తులాలకు కొంచెం తక్కువ తూగాయి. వెండి ధర కట్టి ఒక సంఖ్య చెప్పాడు. అది ఆరు రూపాయల కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. నాన్నగారు కాసేపు ఆలోచించి, వాటిని తిరిగి రుమాలులో మూటగట్టారు. "ఒకటి రెండైనా ఇచ్చి పోండి సాబ్" అన్నాడు సరాఫు. "లేదు భాయ్, ఏడూ కలిసే ఉండాలి" అన్నారు నాన్నగారు.